లిఫ్టు పనిచేయుట లేదు

ఆ ఆదివారం పొద్దున సూపర్‌వైజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలు తేవడానికి కిందికి వెళ్ళాలి, వచ్చేటప్పుడు లిఫ్టు ఎక్కకూడదు. అంతే. ఆరో అంతస్తులో కాపురముండే మనిషికి అది మరీ అంత చిన్నదేమీ కాదని ఆయన మోకాళ్ళు అప్పుడే గొణిగాయి గానీ ఆయన పట్టించుకోలేదు.

ఆయన ఒక కాల్ సెంటర్లో సూపర్‌వైజరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెవులకు హెడ్‌ఫోన్, కింద చక్రాలున్న కుర్చీ. ప్రింటరు దగ్గరకు వెళ్ళాల్సి వచ్చినా లేచేవారు కాదు. కాలితో గోడను ఒక్క తన్ను తన్ని కుర్చీతో సహా వెళ్ళేవారు. మండిపడుతూ ఫోన్ చేసిన వాళ్ళను చల్లబరచడం ఆయన పని. "మీ ఫిర్యాదు నమోదైంది, మా టెక్నీషియన్ బయలుదేరాడు" అన్న మాట నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలరు. ఆ సెక్షనులో మనుషులు ఎక్కువ గనుక ఏ వారం చూసినా ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఉండేది, కేకు వద్దంటే వాళ్ళు నొచ్చుకునేవారు. పుట్టినరోజు లేని నాడు ఫోన్లోని తిండి యాప్ ఆయన బాగోగులు చూసుకునేది. "ఆకలేస్తోందా?" అని అది పలకరించాకే ఆయనకు నిజంగా ఆకలి వేసేది.

ఈ జీవితం సాఫీగానే సాగింది గానీ, కిందటి వారం రిపోర్టులు చూసిన డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మందులు రాస్తాను. మీరు తినేదీ కూర్చునేదీ మాత్రం మందుల్తో తగ్గదు. ముందు ఆ లిఫ్టు మానేయండి" అన్నాడు. పక్కనే ఆయన భార్య ఉంది. ఆమెది సొంత మందుల దుకాణం, ఏ రిపోర్టు చదివితే ఎంత భయపడాలో ఆమెకు తెలుసు. ఇంటికి వచ్చేదాకా ఆమె మాట్లాడలేదు. దెబ్బలాడే భార్యకు ఆయన ఎలాగైనా జవాబు చెప్పుకోగలరు. మాట్లాడని భార్యను చూస్తే మాత్రం ఆయనకు గుండెల్లో రాయి పడేది.

చిక్కల్లా ఏమిటంటే, లిఫ్టు కంటబడితే ఆయన కాళ్ళు ఆయన్ని అడక్కుండానే అటు తిరిగేవి. అందుకని ఆ ఆదివారం పాల ప్యాకెట్లు చంకలో పెట్టుకుని, కింద కరెంటు మీటర్ల వెనక దాచి ఉంచిన పాత బోర్డు ఒకటి బయటికి లాగారు. "లిఫ్టు పనిచేయుట లేదు. దయచేసి మెట్లు వాడండి." దాన్ని లిఫ్టు తలుపుకు తగిలిస్తే, చదివిన మనిషి ఎవరైనా సరే మెట్లు ఎక్కాల్సిందే కదా. తాను చదివి, తాను ఎక్కి, కాసేపాగి మళ్ళీ దిగి తీసేయాలన్నది ఆలోచన.

తగిలించి వెనక్కి తిరిగేసరికి, పొద్దుటి నడక ముగించుకుని వస్తూ భవనం సెక్రటరీ ఎదురుగా నిలబడి ఉన్నారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఆయనకు ఏ విషయమైనా పక్కాగా ఉండాలి.

"మళ్ళీ పోయిందా?" అన్నారు సెక్రటరీ.

అక్కడ నిజం చెప్పి ఉంటే ఈ కథ లేదు. కానీ ఎవరైనా ఫిర్యాదు గొంతుతో అడిగితే సూపర్‌వైజరు నోట వచ్చే మాట ఒక్కటే. "ఫిర్యాదు నమోదు చేయించానండీ. టెక్నీషియన్ బయలుదేరాడు."

సెక్రటరీ ఆయన భుజం తట్టారు. ఇన్నాళ్ళకు ఈ భవనంలో బాధ్యత తెలిసిన మనిషి కనిపించాడన్నారు. మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లకూ కబురు అందింది. లిఫ్టు పాడైంది, ఆ వ్యవహారమంతా ఆరో అంతస్తు సూపర్‌వైజరు గారే చూస్తున్నారు, ఏం కావాలన్నా వారినే అడగండి.

అడిగారు కూడా. సోమవారం అడిగిన వాళ్ళకు, పై అధికారుల దృష్టికి తీసుకెళ్ళామని చెప్పారు. మంగళవారం అడిగిన వాళ్ళకు, ఒక భాగం బయటి దేశం నుంచి రావాలన్నారు. బోర్డు ఉన్నా ఒకసారి బటన్ నొక్కి చూస్తే పోలా అన్న వాళ్ళకు, ఈ స్థితిలో ఎక్కితే తాళ్ళు తెగే ప్రమాదం ఉందని మెల్లగా, ఎంతో అనునయంగా చెప్పారు. ఒక్కరూ కోప్పడలేదు. ఆఫీసులో ఆయన అంత బాగా ఎప్పుడూ పనిచేయలేదు.

భవనమంతా మెట్లెక్కడం మొదలుపెట్టింది. మొదట్లో తిట్టుకుంటూ, మధ్యలో ఆగుతూ ఎక్కారు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే పిన్నిగారు ఆయాసపడే వాళ్ళను చూసి జాలిపడి గుమ్మం ముందు రెండు కుర్చీలు వేయించారు. ఏళ్ళ తరబడి లిఫ్టులో ఒకరి మెడ ఒకరు చూసుకుంటూ నిలబడ్డ మనుషులు ఆ కుర్చీల దగ్గర ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. యాప్‌లో తిండి తెచ్చే కుర్రాళ్ళు మెట్లెక్కం, మీరే దిగి రండి అన్నారు. ఒక బర్గరు కోసం ఐదంతస్తులు దిగి ఎక్కడం కన్నా ఇంట్లో ఏదో ఒకటి వండుకోవడం నయమని జనానికి తోచింది. కొన్నాళ్ళకు ఆగకుండా ఎక్కేవాళ్ళు కనిపించారు. ఇంకొన్నాళ్ళకు బట్టలు వదులయ్యాయి. పిన్నిగారికి కుట్టుపని వచ్చు గనుక అందరూ జాకెట్లు, ప్యాంట్లు బిగువు చేయమని ఆవిడకే తెచ్చిచ్చారు. సూపర్‌వైజరు భార్య కూడా దుకాణంలో వేసుకునే తెల్లకోటు ఇచ్చింది.

వదులు చేయమని వచ్చింది ఒక్క సూపర్‌వైజరు గారి ప్యాంటే. ఎక్కీ ఎక్కీ తొడలు కండ పట్టాయని ఆయన చెబితే పిన్నిగారు నమ్మారు.

జరిగింది ఇది. మొదటి రెండు రోజులూ ఆయన నిజంగానే, చెమటలు కక్కుతూ ఎక్కారు. మూడోనాడు కింద పార్కింగులో కారు దిగి, ఖాళీగా ఉన్న లిఫ్టు వైపు చూశారు. అది నిక్షేపంగా పనిచేస్తుందన్న సంగతి ఆ భవనంలో ఒక్క ఆయనకే తెలుసు. తెలిసిన మనిషిని బోర్డు ఆపలేదు. ఈ ఒక్కరోజుకే అనుకుని ఎక్కారు. మర్నాడు కూడా ఆ ఒక్కరోజే వచ్చింది.

అప్పట్నుంచీ పార్కింగులో అందరూ వెళ్ళేదాకా కార్లోనే ఫోన్ చెవిన పెట్టుకుని కూర్చునేవారు. ఆరో అంతస్తులో దిగాక సీసాలో నీళ్ళు నుదుటి మీద, మెడ మీద చల్లుకుని, నాలుగు ఊపిర్లు గట్టిగా పీల్చి తలుపు కొట్టేవారు. భార్య తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చేది. పాపం ఇంత కష్టపడుతున్నారని మరో గరిటె వడ్డించేది, మానిపించిన వెన్న కూడా మళ్ళీ కంచంలోకి వచ్చింది. లిఫ్టు కదిలిన చప్పుడు విన్నామని ఎవరో అంటే, కంపెనీ వాళ్ళు దూరం నుంచే పరీక్షిస్తున్నారని సర్దిచెప్పారు. మెట్ల మీద నువ్వు కనబడవేమని పిన్నిగారు అడిగితే, ఆగితే ఊపు పోతుంది, అందుకే ఒక్క బిగిన వెళ్ళిపోతానన్నారు.

ఈ ఒక్క బిగిన అన్న మాటే ఆయన మెడకు చుట్టుకుంది. భవనంలోని బట్టలన్నీ బిగువు చేసి చేసి పిన్నిగారి కుట్టుమిషను మొరాయించింది. బాగుచేయించాక దుకాణం వాడు దాన్ని కింద పార్కింగులో దింపి వెళ్ళిపోయాడు. ఇనపకాళ్ళ పాతకాలం మిషను, ఇద్దరు పట్టినా పైకి లేవదు.

"ఒక్క బిగిన ఎక్కేవాడివి, నువ్వయితే తెచ్చి పెట్టగలవు బాబూ" అన్నారు పిన్నిగారు ఫోన్లో.

కాదంటే అనుమానం వస్తుంది. సరేనన్నారు. మనుషులు లేని వేళ చూసి, మిషనును ఈడ్చుకుంటూ లిఫ్టులోకి చేర్చి మూడు నొక్కారు. రెండు దాటాక లిఫ్టు చిన్న కుదుపు కుదిపి ఆగింది. ఆయన ఉన్న బటన్లన్నీ నొక్కారు. తలుపు గుంజారు. చివరికి ఫోను బొమ్మ ఉన్న బటన్ నొక్కితే లిఫ్టు కంపెనీ అమ్మాయి పలికింది.

"లిఫ్టులో ఇరుక్కుపోయానమ్మా" అన్నారు.

"కంగారుపడకండి సార్. ఎక్కేముందు అక్కడ ఏదైనా బోర్డు ఉందా?"

"ఉంది."

"ఏమని ఉంది సార్?"

"పనిచేయుట లేదని."

"చూసి కూడా ఎక్కారా సార్?"

"అది నేను పెట్టిందేనమ్మా."

అవతల కీబోర్డు టకటకలాడింది. "మీ ఫిర్యాదు నమోదైంది సార్. మా టెక్నీషియన్ బయలుదేరాడు."

ఆ మాటకు అసలు అర్థమేమిటో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మిషను పక్కన చతికిలబడి ప్రమాద గంట నొక్కారు.

పాడైన లిఫ్టులోంచి గంట మోగేసరికి మూడో అంతస్తు కుర్చీల్లో ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. లోపల ఎవరని పిన్నిగారు అడిగారు. నేనేనని జవాబు వచ్చింది. సెక్రటరీ పరుగున మెట్లెక్కి వచ్చి, చెడిపోయిన లిఫ్టులో మీకేం పని అని తలుపు సందులోంచి అడిగారు. రిపేరు ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఎక్కానన్నారు సూపర్‌వైజరు. సెక్రటరీ వెనక్కి తిరిగారు. తాళ్ళు తెగుతాయని తెలిసి కూడా నలుగురి కోసం ప్రాణాలకు తెగించిన మనిషి అని అక్కడున్న వాళ్ళందరికీ చెప్పారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

అప్పుడు దుకాణం కట్టేసి ఆయన భార్య వచ్చింది. రొప్పకుండా, అలసట లేకుండా మూడంతస్తులు ఎక్కి వచ్చి తలుపు దగ్గర వంగింది.

"లోపల మీరేనా?"

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే, ఓ పావుగంట."

"నేనడిగింది అది కాదు" అందామె.

లోపలి నుంచి మళ్ళీ గంట మోగింది. టెక్నీషియన్ ఈసారి నిజంగానే వచ్చాడు. ఆలస్యానికి సెక్రటరీ అతన్ని కడిగిపారేయబోతే అతను బిత్తరపోయాడు. ఈ లిఫ్టు మీద ఇవాళ తప్ప ఈ మధ్య ఏ ఫిర్యాదూ రాలేదని, ఏ భాగమూ ఏ దేశం నుంచీ రావాల్సింది లేదని చెప్పాడు. అందరూ మూసి ఉన్న లిఫ్టు తలుపు వైపు చూశారు. అతను తాళంచెవితో పై తలుపు జానెడు తెరిచి టార్చి వేశాడు.

"సార్, ఆ మిషను చక్రం లిఫ్టును ఆపే ఎర్ర బటన్ మీద ఆనుకుంది. కాస్త ఇవతలికి లాగండి."

లాగారు. అతను తలుపు మూసి పక్కకు తప్పుకున్నాడు. లిఫ్టు చక్కగా కదిలి, మూడో అంతస్తుకు వచ్చి, టింగుమని మోగి, అంతమంది ఎదుట మర్యాదగా తలుపులు తెరిచింది. పిన్నిగారు ముందు తన మిషను చూసుకున్నారు. తర్వాత ఆయన్ని చూశారు.

భార్య దగ్గరకు వచ్చి చాలా నెమ్మదిగా అడిగింది. "మరి రోజూ ఆ చెమట?"

"నీళ్ళు."

"ఏం నీళ్ళు?"

"సీసాలోవి."

ఆమె తల వంచుకుంది. బరువు తగ్గే మాత్రలు కావాలని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె ఇన్నాళ్ళూ మాత్రలు ఇవ్వకుండా తన మొగుడి కథ చెప్పి పంపింది. ఆ సంగతి పిన్నిగారు చెబితే ఆయనకు అప్పుడే తెలిసింది. లిఫ్టు తలుపులు తెరిచే ఉన్నా ఆమె మెట్ల మీదుగా వెళ్ళిపోయింది. ఆయన ఏ దారిన వెళ్ళాలో తోచక, టెక్నీషియన్ సామాను సర్దుకునేదాకా అక్కడే నిలబడ్డారు.

ఆ శనివారం సాయంత్రం డాబా మీద అత్యవసర సమావేశమని సెక్రటరీ ప్రకటించారు. విషయం ఏమిటో రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. సూపర్‌వైజరు ఆఫీసు నుంచి తిన్నగా వచ్చి, ఈసారి ఎవరూ చూడకపోయినా మెట్లే పట్టారు. దారిలో క్షమాపణ కూర్చుకోవడం మొదలుపెట్టారు. మొదటి అంతస్తులో అది డాక్టరు మాటతో మొదలై, తన బలహీనత మీదుగా సాగి, అందరి పెద్దమనసుతో ముగిసే చక్కని ఉపన్యాసం. రెండో అంతస్తులో పెద్దమనసు జారిపోయింది. నాలుగో అంతస్తుకు డాక్టరు పోయాడు. డాబా తలుపు తోసేసరికి ఆయన దగ్గర మిగిలింది "తప్పు" అన్న ఒక్క మాట, దానికి కూడా సరిపడా ఊపిరి లేదు.

"తప్పేముందండీ, కూర్చోండి" అన్నారు సెక్రటరీ, కుర్చీ జరుపుతూ.

సమావేశం అప్పటికే సగం అయిపోయింది. సెక్రటరీ తన చక్కెర ఎంత తగ్గిందో చెప్పి కూర్చున్నారు. పిన్నిగారు తన గుమ్మం ముందు మళ్ళీ మనుషులు లేకుండా పోతే ఊరుకోనన్నారు. మోసం మోసమేనని ఒకరిద్దరు అన్నారు గానీ, అలా అన్నవాళ్ళ ప్యాంట్లు కూడా బిగువు చేయించినవే. చివరికి బోర్డు అలాగే ఉండాలని, వృద్ధులు, రోగులు, బరువైన సామాను తప్ప లిఫ్టు తాళం ఎవరికీ తీయకూడదని తీర్మానించారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న వస్తే అందరూ సూపర్‌వైజరు భార్య వైపు చూశారు. ఆమె మొగుడి వైపు చూడకుండా చెయ్యి చాపి పుచ్చుకుంది.

తర్వాత ఆయనకు కృతజ్ఞతలు తెలుపుతూ మరో తీర్మానం చదివారు. భార్య చప్పట్లు కొట్టలేదు గానీ, నీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది, తాగేదాకా అక్కడే నిలబడింది. ఆయనకు అది చప్పట్ల కన్నా ఎక్కువే అనిపించింది.

సభ ముగిసి అందరూ బిలబిలా మెట్లు దిగిపోతుంటే ఆయన కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. సెక్రటరీ తీర్మానం కాగితం తీసి మరోసారి చదువుకుని, వృద్ధుడు కాదు, రోగి అని రుజువు లేదు గనుక, మూడో మినహాయింపు కింద ఆయన్ని లిఫ్టులో దింపడానికి అనుమతి ఇచ్చారు.