కారు కింద తాబేలు

ఉదయం ఆరూ నలభైకి కారు ఎడమ చక్రం వెనక తాబేలు కనబడగానే, ఆ కారు నడిపే సార్జెంట్ క్వింటానా మందుపాతర మీద కాలేసినవాడిలా బిగుసుకుపోయాడు.

"మేడమ్, మీరక్కడే ఆగండి," అన్నాడు గొంతు తగ్గించి.

"పామా?"

"పామైతే ఇంత భయం దేనికి మేడమ్? తాబేలు!"

వెర్నా కాల్డ్‌వెల్ అతిథిగృహం మెట్లమీదే ఆగిపోయింది. మొజావే ఎడారిలోని ఆ ఫోర్ట్ కార్బిన్ స్థావరంలో ట్యాంకులు తిరుగుతాయి, ఫిరంగులు పేలుతాయి. కానీ ఎడారి తాబేలు నీడ వెతుక్కుంటూ బండి కిందికి చేరిందంటే, అది తనంతట తాను బయటికి నడిచేదాకా ఆ బండి కదలడానికి వీల్లేదు. జంతు నిపుణుడు తప్ప ఎవరూ ముప్పై అడుగుల దగ్గరికి పోకూడదు. బెదిరిన తాబేలు ఒంట్లో దాచుకున్న నీళ్లన్నీ వదిలేస్తుంది. ఎడారిలో అది దానికి ప్రాణాంతకం. ఈ నియమం రాసింది ఎవరో కాదు, పందొమ్మిదేళ్ల కిందట చిన్న ఉద్యోగంలో ఉన్న వెర్నాయే.

ఇప్పుడామెది చిన్న ఉద్యోగం కాదు. దేశంలోని సైనిక స్థావరాలు, వాటి పర్యావరణం, వాటి కరెంటు అన్నీ ఆమె చేతికిందే. యూనిఫాం లేదు గానీ, యూనిఫాం వేసుకున్నవాళ్లు ఆమెను చూసి లేచి నిలబడతారు. ఆ రోజు ఎనిమిదింటికి ఫోర్ట్ కార్బిన్‌కు బయటి కరెంటు తెంపేసి, సొంత సౌర ఫలకాలు, బ్యాటరీల మీద మూడు గంటలు నడిపి చూపించాలి. చూడ్డానికి చట్టసభ కమిటీ నుంచి ఓలాండర్ అనే పరిశీలకుడు వచ్చి, పొద్దున్నే కంట్రోల్ రూములో కూర్చున్నాడు. మధ్యాహ్నం అతని విమానం. అతను బాగుందంటే మరో పదకొండు స్థావరాలకు ఇదే ఏర్పాటు వస్తుంది. చూడకుండా వెళ్లిపోతే, రేపటి ఓటింగులో ఆమె ఆరేళ్ల కష్టం అటకెక్కుతుంది. ఆమె స్వయంగా వెళ్లి సంతకం పెడితే తప్ప పరీక్ష మొదలు కాదు.

అసలు ఆ పరీక్షను వాయిదా వెయ్యమని ముందురోజు సాయంత్రమే విద్యుత్ ఇంజనీరు లాయిడ్ బర్కెట్ బతిమాలాడు.

"ఒక్క రోజు మేడమ్. మూడో బ్యాటరీ మీద నాకింకా గురి కుదర్లేదు."

"ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా లాయిడ్, మీకు దేనిమీద గురి కుదిరింది గనక? రేపు ఎనిమిదింటికే."

వెర్నా ఇప్పుడు కూడా కంగారు పడలేదు. "గంటా ఇరవై నిమిషాలుంది. జంతు నిపుణుణ్ని పిలవండి, ఇంకో కారు తెప్పించండి, పైకి రిపోర్టు పంపండి," అని చెప్పి, వరండాలో ఫ్యాను కింద కుర్చీ వేసుకుని కాఫీ పోసుకుంది.

క్వింటానా టాబ్లెట్ తీశాడు. బండి ఎందుకు కదలడం లేదో చెప్పడానికి ఆ ఫారంలో మూడే కారణాలున్నాయి. టైరు, ఇంజను, బండి కింద వస్తువు. తాబేలుకు గడి లేదు. మనిషి నిజాయితీపరుడు గనక మూడోది నొక్కాడు. "వస్తువు ఎలా ఉంది?" అంటే "గుండ్రంగా ఉంది, కదలడం లేదు" అని రాశాడు. "తీసుకున్న జాగ్రత్త?" అంటే "ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు" అని రాశాడు. బండి ఎవరిది అన్నచోట వెర్నా హోదా మొత్తం, ఒక్క అక్షరం పోకుండా రాశాడు.

ఏడూ ఇరవైకి స్థావరమంతా సైరన్ మోగింది.

వెర్నా వెంటనే స్థావరాధిపతి కల్నల్ హాచర్‌కు ఫోన్ చేసింది. "కల్నల్, అది బాంబు కాదు. తాబేలు."

"నాకూ ఇప్పుడే తెలిసింది మేడమ్. కానీ ఒకసారి సైరన్ మోగాక నా చేతిలో ఏముంది? గేట్లు మూసుకున్నాయి. ఎక్కడివాళ్లక్కడే. మిగతావన్నీ వాటంతటవే జరిగిపోతాయి. బాంబు దళం వచ్చి ఏమీ లేదని రాసిస్తేనే ఎత్తేసేది."

బాంబు దళం పది నిమిషాల్లో మరమనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. దాని నాయకురాలు లెఫ్టినెంట్ సోరెన్సన్ దుర్భిణితో కారు కిందికి చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది తాబేలు మేడమ్. ఏమీ లేదని రాసివ్వాలంటే దగ్గరికెళ్లి చూడాలి. కానీ ముప్పై అడుగుల లోపలికి నేను వెళ్లలేను, నా యంత్రమూ వెళ్లకూడదు. నిపుణుడు ముందు తాబేలును చూడాలి."

"ఏడీ నిపుణుడు?"

"గేటు బయట, మేడమ్," అన్నాడు క్వింటానా ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యకుండా. "బాంబు లేదని రాసిస్తే గానీ లోపలికి రానివ్వరట. మీకోసం తెప్పించిన రెండో కారూ అక్కడే, ఆయన వెనకాలే ఉంది."

ఎనిమిదైంది. తొమ్మిదైంది. రోడ్డు మీద పద్నాలుగు ట్యాంకులు బారులు తీరి నిలబడ్డాయి. వాటి మధ్య టిఫిన్ల లారీ ఇరుక్కుపోయింది గనక, రెండు వేలమంది సైనికులు గుడ్లూ బంగాళాదుంపలూ లేకుండా ఎండలో కూర్చుని తాబేలు జాతిని తిట్టారు. వరండాలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాఫీ యంత్రం గురగురలాడుతూనే ఉంది. తాబేలు మాత్రం అంగుళం కదల్లేదు.

"దీని క్రమశిక్షణలో సగమున్నా నాకు ఇప్పటికి ప్రమోషన్ వచ్చేది," అన్నాడు క్వింటానా.

"ఆ నియమం కొట్టేయండి మేడమ్. మీరు రాసిందేగా?" అంది లెఫ్టినెంట్, ఆశగా.

"నేను రాసింది గనకే కొట్టెయ్యను. ఇవాళ నాకు అడ్డమొచ్చిందని నేనే దాటితే, రేపు మీ ట్యాంకు ఆగుతుందా?"

మాట గట్టిగానే అంది. కానీ గడియారంలో పదిన్నర దాటాక, కప్పులో కాఫీ తాగకుండా వదిలేసింది. ఓలాండర్‌కు చెప్పాల్సిన క్షమాపణ మనసులోనే రెండుసార్లు కూర్చుకుంది. ఇంతలో అతనే ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ ధైర్యానికి దణ్ణం! చెప్పా పెట్టకుండా పరీక్ష మొదలెట్టేశారే!"

"ఏ పరీక్ష?"

"సైరన్ మోగగానే స్థావరం బయటి కరెంటు తెంపేసుకుంది కదా! మూడు గంటల నలభై నిమిషాలుగా సొంత కరెంటు మీదే నడుస్తోంది. మీటరు ముందునుంచి నేను లేవలేదు. ఒక్క దీపం రెపరెపలాడలేదు."

వెర్నా తలెత్తి ఫ్యాను వైపు చూసింది. గొప్ప అంతా తన ఖాతాలో వేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. అయినా, "ఓలాండర్, ఇది నేను చేయించింది కాదు. మా కారు కింద తాబేలు దూరింది, అంతే," అంది.

అవతల పెద్ద నవ్వు. "ఇంకా నయం! ముందే రిహార్సల్ వేసుకున్న పరీక్షలు చూసి చూసి విసిగిపోయాను. ఎవరూ అనుకోకుండా జరిగి, ఎవరికీ తెలియకుండా నెగ్గింది. రేపు కమిటీకి నేను చెప్పేది ఇదే. మీ పదకొండూ మీకు ఖాయం."

ఆమె ఫోన్ పెట్టేసేసరికి, రోడ్డు మీద మనిషి కనిపించాడు. లాయిడ్ బర్కెట్. కంట్రోల్ రూమునుంచి రెండు మైళ్లు నడిచొచ్చాడు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. బాంబు దళం కారు చుట్టూ కట్టిన ఎర్ర రిబ్బన్ కిందనుంచి దూరి తిన్నగా కారు వైపు నడిచాడు.

"లాయిడ్! ఆగండి! జైలుకి పోతారు!" అని అరిచాడు క్వింటానా.

లాయిడ్ వంగి, తాబేలును వీపు పట్టుకుని పైకి లాగి చంకలో పెట్టుకున్నాడు. లెఫ్టినెంట్ కళ్లు మూసుకుంది. అది బెదరలేదు, నీళ్లూ వదల్లేదు. దాని పొట్ట మీద 'శిక్షణ తరగతి, నమూనా 4' అని తెల్ల రంగుతో రాసి ఉంది.

లాయిడ్ వరండా మెట్ల దగ్గర నిలబడి టోపీ తీశాడు.

"నేనే మేడమ్. పొద్దున ఐదింటికి నేనే పెట్టాను. కొత్త సైనికులకు చూపించే ప్లాస్టిక్ బొమ్మ ఇది. ఆ నియమం మీరు చచ్చినా దాటరని తెలుసు, ఒక్క రోజు గడిస్తే చాలనుకున్నాను. సైరన్ సంగతి నాకు తట్టలేదు. కరెంటు దానంతటదే తెగిపోతుంటే ఆపడానికి నా దగ్గర మీటా లేదు. మూడు గంటలూ ఆ ఓలాండర్ పక్కన నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాను. మూడో బ్యాటరీ బంగారంలా నడిచింది మేడమ్." చెమట తుడుచుకుని, చంకలో తాబేలును సర్దుకున్నాడు. "నా సర్వీసులో ఎన్నో పరీక్షలు ఆపాను. నేను జరిపించింది మాత్రం ఇదొక్కటే."