వినేవాళ్ళు కావలెను

మా కౌంటీలో ఇకమీదట అజ్ఞాని అయిన లాయరు ఒక్కడు కూడా మిగలడని సూపర్‌వైజర్ డ్వైట్ కెల్సో గారు జనవరి నెలలో కోర్టు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. మా కౌంటీని ఏలే అయిదుగురు సూపర్‌వైజర్లలో ఆయనొకరు. చలిగాలి కోసేస్తున్నా టోపీ తీసి చేత్తో పట్టుకుని మాట్లాడారు. విద్య అంటే ఆయనకున్న గౌరవం అలాంటిది.

మా రాష్ట్రంలో లాయర్లు మూడేళ్ళకోసారి ఇన్ని గంటలు చదువుకున్నామని రుజువు చూపాలి. లేకపోతే లైసెన్సు ఆగిపోతుంది. ఏ ఏడాది ఎవరి వంతో ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి ఉంటుంది. వంతు వచ్చినవాళ్ళు మూడేళ్ళపాటు తీరిక దొరక్క, మొత్తం చదువు ఆఖరి జనవరిలో చదువుతారు. నేను బడిపంతుల్ని. మనిషి పన్నెండో ఏట ఎలా ఉంటాడో అరవయ్యో ఏట కూడా అలాగే ఉంటాడని తెలిసి నాకు ఒక విధమైన ధైర్యం కలిగింది.

ఇన్నాళ్ళూ ఈ చదువుకి లాయర్లు డబ్బు పోసేవారు. ఇకనుంచి ప్రతి బుధవారం మధ్యాహ్నం కోర్టు భవనంలోనే ఉన్న ప్రజా లా లైబ్రరీలో అంతా ఉచితం, భోజనంతో సహా.

"లాయరు చదువుకుంటే లాభం ఎవరికి? పేదవాడికి," అన్నారు కెల్సో గారు. పేదవాళ్ళు ఎవరూ అక్కడ లేరు గానీ మేం చప్పట్లు కొట్టాం.

ఆ రోజుల్లో నేను బడికి సెలవు పెట్టి రోజూ లా లైబ్రరీకి వెళ్తుండేవాణ్ణి. ఇంటి దస్తావేజులోంచి చనిపోయిన మా ఆవిడ పేరు తీయించాలి. దానికి ఏ కాగితాలు కావాలో లైబ్రేరియన్ మిస్ ఫార్లీ మొదటి రోజే తీసి నా ముందు పెట్టింది. నాకు తొందర లేదు. అక్కడ వెచ్చగా ఉండేది.

లైబ్రరీ గుమ్మం పక్కన ఒక బల్ల ఉండేది. బుధవారం బుధవారం హోల్కూమ్ అనే పెద్దాయన, ఆయనా లాయరే, దాని వెనక కూర్చుని లాయరుని పెట్టుకోలేని వాళ్ళకి పైసా తీసుకోకుండా సలహా చెప్పేవారు. చదువుల మొదటి బుధవారం వచ్చేసరికి బల్లా లేదు, ఆయనా లేరు. ఆ చోట ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పేరు ఇమెల్డా క్విరోజ్. పీచ్ పళ్ళు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పని. చేతిలో కోర్టు కాగితాలు.

"బల్ల ఏదమ్మా?" అని మిస్ ఫార్లీని అడిగింది.

"లోపల. దానిమీద కాఫీ పెట్టారు."

"దాని వెనక కూర్చునే పెద్దాయన?"

"ఆయనా లోపలే. చదువుకుంటున్నారు."

"ఏం చదువు?"

మిస్ ఫార్లీ తలుపుకి అంటించిన కాగితం చూసి చెప్పింది. "లాయరు లేని పేదలకి సాయం చేయడం ఎలా."

ఇమెల్డా కూడా ఆ కాగితం వైపు చూసింది. "ఎంతసేపట్లో వచ్చేస్తుంది ఆ విద్య?"

"ఒక గంట. తర్వాత పక్షపాతం మానుకోవడం ఒక గంట. తాగుడు మానుకోవడం ఒక గంట."

"అయ్యో, ఆయన తాగుతారా?"

"లేదమ్మా. కానీ అందరూ నేర్చుకోవాలి."

ఇమెల్డా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తన తల్లికి ఊపిరితిత్తుల జబ్బు. రాత్రింబవళ్ళు ఆక్సిజన్ యంత్రం కావాలి. తల్లిని ఇంట్లోకి తెచ్చుకునే ముందు అపార్ట్‌మెంటు మేనేజరుని అడిగితే "తెచ్చుకో" అన్నాడు. ఇప్పుడు యజమాని, ఒప్పందంలో లేని మనిషిని ఇంట్లో పెట్టావు కాబట్టి ఖాళీ చెయ్యమని కేసు వేశాడు. వచ్చే బుధవారం సాయంత్రం నాలుగింటికి కోర్టు గుమాస్తా కిటికీ మూస్తారు. ఆలోగా ఆమె రాతపూర్వకంగా జవాబు వెయ్యాలి. వేస్తే జడ్జి ఆమె మాట వింటాడు. వెయ్యకపోతే వినకుండానే ఇల్లు పోతుంది.

"జవాబు కాగితం ఉంది మాస్టారూ. ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలీదు. తప్పు గడిలో పెడితే అమ్మని ఎక్కడికి తీసుకుపోను? ఆ యంత్రానికి ప్లగ్గు కావాలి."

మిస్ ఫార్లీ ఆమెకి పుస్తకం ఇచ్చింది. ఏ గడో మాత్రం చెప్పలేదు. లైబ్రేరియన్ పుస్తకం ఇవ్వవచ్చు, సలహా ఇవ్వకూడదు. సలహా ఇవ్వగలిగిన నలభైమంది తలుపు అవతల బిస్కెట్లు తింటున్నారు.

విరామంలో తలుపు తెరుచుకున్నప్పుడే కార్యక్రమం చరిత్రని మార్చిన ఆ ప్రశ్న వినబడింది. అడిగింది బార్టన్ లైల్ అనే లాయరు. మా ఊళ్ళో సగం అద్దె ఇళ్ళ యజమానులకి ఆయనే లాయరు, చాలా మర్యాదస్తుడు.

"వినేవాడికి గంటకి గంట లెక్క. మరి పాఠం చెప్పేవాడికో?"

"నాలుగింతలు," అన్నారు ఎవరో. "తయారవ్వాలి కదా."

కాఫీ కప్పులు గాల్లో ఆగిపోయాయి.

మరుసటి బుధవారానికి ఉపన్యాసకుల జాబితాలో నలభై పేర్లూ ఉన్నాయి. విద్యాదానం మీద మా లాయర్లకున్న తపన చూసి కెల్సో గారి కళ్ళు చెమర్చాయి. వేదిక చాల్లేదు. పుస్తకాల బీరువాలు గోడకి నెట్టి రెండు వరసల్లో కుర్చీలు వేశారు. నలభైమంది వక్తలూ వేదికమీద కూర్చున్నారు. ఎదురుగా ఖాళీ కుర్చీలు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవరన్న సమస్య మా కౌంటీలో మొదటిసారి విద్యారంగంలో తలెత్తింది.

"వినేవాళ్ళు లేకపోతే ఇది పాఠం కాదు," అంది మిస్ ఫార్లీ. "నిబంధన అలా ఉంది."

"వినేవాళ్ళు లాయర్లే కావాలా?" అన్నారు కెల్సో గారు.

"అలా లేదు."

"అయితే ఇది ప్రజా గ్రంథాలయమా, కాదా?"

ఆ రకంగా ప్రజలకి తలుపులు తెరుచుకున్నాయి. గుమ్మం దగ్గర కెల్సో గారే నిలబడి, "రండమ్మా, రండి మాస్టారూ, టర్కీ శాండ్‌విచ్ ఉంది, ముందు వరసలో కూర్చోండి," అని ఇమెల్డానీ నన్నూ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. ఇంకా కుర్చీలు నిండలేదని కాసేపటికి భవనంలోని ఆఫీసుల నుంచి కొంతమందిని పిలిపించారు. తోటమాలులు వచ్చారు. కోర్టులో వేరే పనిమీద వచ్చి దారితప్పిన ఒక పెళ్ళివారు కూడా వచ్చారు. పెళ్ళికూతురు పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా కూర్చుంది.

అప్పటికి రెండు దాటింది. ఆ రోజు పాఠం: అద్దెదారు గడువులోగా జవాబు వేయడం.

ఇమెల్డా నా మోచెయ్యి పట్టుకుంది. "దేవుడున్నాడు మాస్టారూ," అంది. చెయ్యెత్తి లేచింది. "అయ్యా, మా ఇంటిగలాయన నామీద..."

నలభైమందీ ఒక్కసారి అరచేతులు చూపించారు. హోల్కూమ్ గారు మెత్తగా చెప్పారు. "అమ్మా, ఇది విద్య. సలహా కాదు. మీ సంగతి మీరు చెప్పకూడదు, మేం వినకూడదు. కావాలంటే 'ఒక స్త్రీ ఉందనుకోండి' అని అడగండి."

ఇమెల్డా చెయ్యి దించింది. "ఒక స్త్రీ ఉందనుకోండి."

"ఆఁ, ఉంది," అన్నారు వేదికమీద పదిమంది ఉత్సాహంగా.

"ఆవిడ తల్లికి ఊపిరాడదనుకోండి. మేనేజరుని అడిగే తల్లిని తెచ్చుకుందనుకోండి. ఇప్పుడు పొమ్మంటున్నారనుకోండి."

వేదిక మీద ప్రాణం లేచొచ్చింది. ఆ స్త్రీ వికలాంగుల చట్టం కింద అడగాలని ఒకరు, మేనేజరు మాట యజమాని మాటేనని ఇంకొకరు, అసలు ఆ స్త్రీ ఇల్లు ఏ ఊరి పరిధిలోకి వస్తుందో ముందు తేలాలని వేరొకరు వాదించుకున్నారు. ఆ స్త్రీ కోసం ఇద్దరు కోటు విప్పారు. లేని మనిషి మీద అంత దయ చూపించడం నేనెక్కడా చూడలేదు.

చివరికి బార్టన్ లైల్ గారు మైకు తీసుకున్నారు. "సరిగ్గా ఇలాంటి కేసు నా దగ్గరే ఒకటుంది. పేరు చెప్పకూడదనుకోండి."

"నేనూ చెప్పను," అంది ఇమెల్డా.

"మంచిది. ఆ స్త్రీ మూడో పేజీలో 'యజమాని సమ్మతి ఉంది' అన్న గడిలో టిక్కు పెట్టి, మేనేజరు ఏమన్నాడో రెండు వాక్యాలు రాస్తే చాలు. యజమాని లాయరు పని అయిపోయినట్టే. కానీ ఇన్నేళ్ళ అనుభవంతో చెప్తున్నా, వాళ్ళు రాయరండీ. గడువు దాటిపోతుంది. నేను ఏకపక్ష తీర్పు అడుగుతాను. చట్టం మేలుకున్నవాళ్ళకి చుట్టం."

ఇమెల్డా మోకాలి మీద కాగితం పెట్టుకుని టిక్కు పెట్టింది. రెండు వాక్యాలు రాసింది. నా పెన్నుతోనే రాసింది. లేచి తలుపు వైపు నడిచింది.

కెల్సో గారు పరుగున అడ్డం వచ్చారు. "ఏమ్మా, ఎక్కడికి? గంట పూర్తి కాందే వినేవాళ్ళు లేచిపోతే పెద్దమనుషుల లెక్క చెడుతుంది. నువ్వు ముందు వరసలో ఉన్నావు కూడాను."

"కాగితం వేసి వచ్చేస్తాను సార్. గుమాస్తా కిటికీ ఇక్కడే కదా, వసారాకి అవతల."

వెళ్ళింది. వెంటనే తిరిగొచ్చింది. కిటికీకి షట్టరు దించి ఉంది. విద్యా కార్యక్రమం వల్ల మూసివేయడమైనది అని దానిమీద కాగితం అంటించారట. గుమాస్తా వెండెల్ నా వెనక వరసలో ఉన్నాడు. రెండో శాండ్‌విచ్ తింటున్నాడు.

"బాబూ, నువ్వే కదా కిటికీలో ఉండేది? ఇదిగో, తీసుకో."

వెండెల్ చేతులు తుడుచుకున్నాడు గానీ కాగితం ముట్టుకోలేదు. "ఇక్కడ నేను గుమాస్తాని కాదమ్మా. శ్రోతని."

"లేచి అక్కడికి రా మరి."

"పై నుంచి ఆర్డరు. పాఠం అయ్యేదాకా కూర్చోమన్నారు. అవగానే వచ్చి తెరుస్తా. నువ్వే మొదటిదానివి, సరేనా?"

పాఠం త్వరగా అయ్యేదే. కానీ వేదికమీద ఉన్న ప్రతివారూ ఎంతో కొంత మాట్లాడితేనే వక్త కింద లెక్క. అందుచేత నలభైమందీ వరసగా మాట్లాడారు. గడువు ఎంత ముఖ్యమో ఒక్కొక్కరూ ఒక్కో కోణంలో చెప్పారు. ఇమెల్డా తలుపు దగ్గరే కాగితం పట్టుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. "చూడండి, మా కౌంటీ ప్రజలకి చట్టం మీద ఎంత ఆసక్తో, నిలబడి వింటున్నారు," అని కెల్సో గారు విలేకరికి చూపించి ఫొటో తీయించారు.

వందన సమర్పణ అయ్యేసరికి నాలుగు దాటిపోయింది. వెండెల్ మాట తప్పలేదు. వెళ్ళి కిటికీ తెరిచాడు. గోడ గడియారం చూశాడు. "అయ్యో, టైమైపోయిందమ్మా. పొద్దున్నే రా," అని మళ్ళీ మూశాడు.

పొద్దున్నే వెళ్ళింది. లాయర్లకి కిటికీతో పనిలేదు, కంప్యూటరులో పంపుతారు. లైల్ గారి దరఖాస్తు ఆమె కంటే ముందే చేరింది, ఏకపక్ష తీర్పు వచ్చేసింది.

వసారాలో ఆయన నాకు కనబడ్డారు. నిజంగానే బాధపడ్డారు. "నిన్న అంత విడమరిచి చెప్పానా మాస్టారూ? గడితో సహా చెప్పాను. అయినా జనం వినరండీ."

"కిటికీ మూసి ఉందని తీర్పు కొట్టేయమని అడగొచ్చు," అని లైబ్రరీలో మిస్ ఫార్లీ నాతో అంది, ఇమెల్డా వినేలా, పుస్తకాల బీరువా వైపు తిరిగి. "దానికి లాయరు కావాలి."

"లాయరు ఎప్పుడు దొరుకుతారు?" అంది ఇమెల్డా.

"బుధవారం. బల్ల ఖాళీ అయితే."

ఇల్లు ఖాళీ చేయించే షెరీఫ్ మనుషులు బుధవారం దాకా ఆగలేదు.

జనవరి ముగిసింది. మా కౌంటీ లాయర్లలో లైసెన్సు పోయినవాడు ఒక్కడు లేడు. రాష్ట్రం నుంచి మెచ్చుకోలు ఫలకం వచ్చింది. ప్రజలతో కలిసి చదువుకున్న తొలి న్యాయవాద సమాజం అని దానిమీద చెక్కారు. ఫలకం ఆవిష్కరించే రోజున ప్రత్యేక పాఠం పెట్టారు: జవాబు వేయని అద్దెదారు మనస్తత్వం. వక్త లైల్ గారు.

ఆ మధ్యాహ్నం కెల్సో గారు కుర్చీలు చూసుకుంటూ నా దగ్గరికొచ్చారు.

"మాస్టారూ, ముందు వరసలో ఒకావిడ ఉండేది, నిలబడి మరీ వినేది. చాలా మంచి శ్రోత. రావట్లేదేం?"

"ఇల్లు మారింది," అన్నాను.

"ఓహో. మంచిదే. మనిషన్నాక ఎదగాలి. ఎక్కడికి?"

"కారులో ఉంటోంది. తల్లితో."

కెల్సో గారు టోపీ తీశారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"కారు ఎక్కడ?"

"కింద. లైబ్రరీ పార్కింగులో. ఆ యంత్రానికి కరెంటు తీగ మిస్ ఫార్లీ కిటికీలోంచి వేసింది."

ఆయన కిటికీ దాకా వెళ్ళి కిందికి చూశారు. ముఖం విప్పారింది. చేతి గడియారం చూసుకున్నారు.

"ఇంత దగ్గరా? అయితే ఇంకేం, పిలుచుకు రండి. తల్లి కూడా వస్తే ఇద్దరవుతారు."