పిడుదు ప్రొటీను పోయిన పూట

ఆ మంగళవారం మధ్యాహ్నంలోగా పని ముగించి, సాయంత్రం అయిదింటి బస్సుకి ప్రొటీను ఎక్కించాలని పరిశోధక విద్యార్థిని ఒడిలా అనుకుంది. అది ఆవుల రక్తం తాగే పిడుదుల ప్రొటీను. దానితో చేసిన టీకా పని చేస్తుందో లేదో చూడడానికి తక్వారెంబో ఊళ్ళో ఒక పశువైద్యుడు పన్నెండు ఆవుల్ని కట్టేసి కూర్చున్నాడు. ఒడిలాకిది మూడు వారాల కష్టం.

పద్ధతి తేలికే. గాజు గొట్టంలో నికెల్ అద్దిన పూసలుంటాయి. ప్రొటీనుకి తగిలించిన తోక ఆ నికెల్‌ని గట్టిగా పట్టుకుంటుంది, చెత్తంతా కిందికి జారిపోతుంది. ఇమిడజోల్ అనే రసాయనం కొంచెమే కలిపిన నీళ్ళతో కడిగి, చివర్న అదే ఎక్కువగా కలిపిన నీళ్ళు పోస్తే ప్రొటీను పట్టు వదిలి దిగుతుంది.

ఒడిలా కడిగింది. తర్వాత దింపింది. దిగిన నీళ్ళ చుక్కని పరీక్ష ద్రావణంలో వేస్తే అది నీలంగా మారాలి. గోధుమరంగు గోధుమరంగుగానే ఉండిపోయింది. దిగిన నీళ్ళు పట్టిన ఎనిమిది చిన్న గొట్టాలూ అంతే.

"ఎవారిస్తో! నికెల్ మీంచి మొత్తం జారిపోయింది!" అని వరండాలోకి అరిచింది.

ఎవారిస్తో ముప్ఫై ఏళ్ళ నుంచి అక్కడే టెక్నీషియన్. ఓ చెవి సరిగ్గా వినపడదు. చేతిలోని మాతే టీ గిన్నె కిందపెట్టి వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు.

"నికెల్ కారిపోయిందట. ఎందుకైనా మంచిది, అందర్నీ దింపెయ్."

"ఏంటీ, గ్యాస్ కారిందా?"

"ఏదో ఒకటి కారింది, నువ్వు ఈల మోగించు!"

ఈల మోగింది. మూడంతస్తుల జనం పెరట్లోకి వచ్చిపడ్డారు. ప్రొఫెసర్ ఇర్మా ఒక కాలికి మాత్రమే చెప్పుతో వచ్చారు.

"ఏం కారిందమ్మాయ్?"

"ఏం కారలేదండీ. నా ప్రొటీను..." అంటూనే ఒడిలా ఆగిపోయింది. నిన్న ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతూ ఆ రెండు రకాల నీళ్ళ సీసాలకి చీటీలు అతికించింది తనే. ఇది దానికి, అది దీనికి అతికించి ఉంటుంది! అంటే ప్రొటీను కడుగునీళ్ళలోనే దిగిపోయింది. ఆ నీళ్ళు సింకు పక్కన, పేరు రాయని బీకరులో ఉన్నాయి. పదకొండయింది. పదకొండింటికి ల్యాబు శుభ్రం చేసే నెల్సా వచ్చి పేరులేని బీకర్లన్నీ పారబోస్తుంది.

జనంలో నెల్సాని వెతికి భుజాలు పట్టుకుంది. "నెల్సక్కా, సింకు పక్క బీకరు పారబోశావా?"

"చేత్తో ఎత్తాను తల్లీ, వంచబోతున్నాను, అంతలో ఈల మోగింది. అక్కడే పెట్టేసి పరిగెత్తా. తప్పయిపోయిందా?"

ఒడిలా ఆవిడ బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టింది. ఎవారిస్తో ఎందుకో తెలియకపోయినా చప్పట్లు కొట్టాడు.

లోపలికి పోనివ్వగానే ఆ నీళ్ళని ఇమిడజోల్ తగ్గేలా పదింతలు పల్చన చేసి, మళ్ళీ పూసల మీదుగా పోసి, ఈసారి సీసాలని మూడుసార్లు చూసుకుని దింపింది. చుక్క వేస్తే ద్రావణం నీలమైంది. నాలుగున్నరకి, ప్రొటీను ఎంత శుద్ధమో చూపే జెల్ మీద ఒకే ఒక్క గీత కనిపించింది. ఇంత శుభ్రమైన గీత ఆ ప్రయోగశాలలో ఎవరూ చూడలేదు.

"ఎలా చేశావే ఇది?" అన్నారు ఇర్మా, కళ్ళజోడు పైకి నెట్టి.

"రెండుసార్లు పట్టించానండీ."

"భేష్! ఇక మీదట అందరూ రెండేసిసార్లు చెయ్యండి."

ప్రొటీను అయిదింటి బస్సెక్కింది. మిగిలిన నలుగురు విద్యార్థులూ రెండు వారాలపాటు ఒడిలాతో మాట్లాడలేదు.