రొట్టెల వీధిలో చరిత్ర పాఠం

ఆదివారం పొద్దున చరిత్ర మేష్టారు ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. రిటైరైన దగ్గర్నుంచీ భార్యకు పాతపేట చూపించాలని ఆయన కోరిక. నాలుగు దేశాల నుంచి వచ్చిన వాళ్లు నాలుగు భాషల్లో బేరాలాడుకునే పేట అది. గుమ్మానికో వంట, గోడకో కథ.

"టిఫిన్ అక్కడే. ముందు చరిత్ర, తర్వాత తిండి," అన్నారు.

"తిన్నాక వింటే చరిత్ర అరగదా ఏంటి?" అంది ఆవిడ చెప్పులేసుకుంటూ.

రొట్టెల దుకాణం దగ్గరికి రాగానే వేడి రొట్టె వాసనకి ఆవిడ లోపలికి అడుగేసింది. మేష్టారు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. గొడుగు మొనతో ఆ దుకాణం పాత గోడను టకటకా తట్టి, "చూశావా పనితనం!" అంటూ పొడుగంతా అడుగులేసి కొలిచారు.

ఎదురుగా టీకొట్టావిడ ఇదంతా చూసింది. గోడ తట్టి, కొలిచి, తలాడించే పెద్దమనిషి ఎవరై ఉంటాడు?

"రోడ్డు వెడల్పు చేసేవాళ్లొచ్చారు! అన్నీ కూల్చేస్తారట!" అని కేకేసింది. ఆ చివరి 'ట' ఎవరన్నారో ఆవిడకే తెలియాలి.

వీధంతా షట్టర్లు దబదబా పడ్డాయి. ఆవిరి కుడుముల బుట్టలు లోపలికి పోయాయి. మాంసం కాల్చే ఆయన చువ్వలతో సహా మాయమయ్యాడు.

"పస్తు పెట్టడానికి తీసుకొచ్చారా నన్ను?" అంది భార్య.

మేష్టారికి ఒళ్లు మండిపోయింది. చరిత్ర చెబితే తలుపులేసుకుంటారా! తన క్లాసులో నిద్రపోయిన పిల్లలే నయం, కనీసం కూర్చునేవారు.

ఈలోగా జనం చుట్టుముట్టారు. ఎవరో మున్సిపాలిటీ ఇంజనీరుకి ఫోను కూడా కొట్టారు. పిండి చేతులతో రొట్టెలాయన ముందుకొచ్చాడు.

"మా తాత సముద్రం దాటొచ్చి పెట్టిన కొట్టు సార్. కూలిస్తే మేమెక్కడికి పోవాలి?"

"కూల్చడమా! ఎవడయ్యా కూల్చేది? నా ప్రాణముండగా ఒక్క ఇటుక కదలనివ్వను!"

అంతే, జనం చప్పట్లు కొట్టి ఆయన్ని బల్ల ఎక్కించారు. అప్పుడే ఇంజనీరు సగం గీసిన గడ్డంతో దిగాడు.

"మేమెవర్నీ పంపలేదు, ఏదీ కూల్చట్లేదు. ఇంతకీ మీరెవరు?"

అక్కడితో దిగిపోవలసింది. కానీ బల్ల మీదున్న మనిషి ఊరుకోగలడా?

"మీ ఆఫీసు పుట్టకముందు నుంచీ ఉందయ్యా ఈ గోడ! దీన్ని ఇన్నాళ్లూ పట్టించుకోనందుకు సిగ్గుండాలి మీకు!"

ఇంజనీరు తాపీగా గోడను చూశాడు. "అంత పాతదా? అయితే దీని పక్కన నిప్పు పెట్టకూడదు. పొయ్యికి ఇవాళే సీలేస్తాం."

చప్పట్లు ఆగిపోయాయి. రొట్టెలాయన కొట్టు గుమ్మానికి అడ్డంగా నిలబడి మేష్టారి వంక చూశాడు.

తేదీ తప్పు రాసిన పిల్లాడికి మేష్టారు జన్మలో ఒక్క మార్కు వేసి ఎరగరు. ఆయన మెల్లిగా బల్ల దిగారు.

"పొరబడ్డాను," అన్నారు పళ్లు బిగబట్టి. "ఇది ఈమధ్య కట్టిందే. పనితనం కూడా... నాసిరకం."

"అయితే సీలక్కర్లేదు. ఈ వయసులో ఇంటిపట్టున ఉండాలండీ," అని బుద్ధి చెప్పి మరీ వెళ్లాడు ఇంజనీరు. ఆ మాటకి మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఎలాగో దిగమింగారు.

షట్టర్లు లేచాయి. రొట్టెలాయన వేడి రొట్టె చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు. ప్రతి గుమ్మం నుంచీ ఒక పళ్లెం వచ్చింది. భార్య ఏదీ కాదనలేదు.

తిరుగుదారిలో, కడుపు నిండిన ఆవిడకి మొదటిసారి చరిత్ర మీద మనసు మళ్లింది.

"ఏమండీ, ఆ మలుపులో కమాను ఎప్పటిదండీ? బాగా పాతదానిలా ఉంది!"

కమాను కింద ఎవరో చేపలు వేయిస్తున్నారు. మేష్టారు అటూ ఇటూ చూశారు.

"నిన్న కట్టారు. పద."