వగ్ది మాస్టారి తేలికపాటి ఇంజన్

గురువారం పొద్దున్న పొద్దున్నే తినే ఫూల్ చిక్కుడుగింజల గిన్నె పక్కన కాగితం పెట్టుకుని వగ్ది మాస్టారు ఆనాటి పనులన్నీ వరసగా రాసుకున్నారు. పదింటికి ఇంజన్ మోయించడం, పన్నెండుకి బిగించడం, సాయంత్రం స్టార్టు చేయడం. కైరో బళ్లలో ముప్పయ్యేళ్లు భూగోళం చెప్పిన మనిషి. పథకం లేనిదే పళ్లు కూడా తోముకోరు.

సంగతేమిటంటే, ఆయన కారుకి నలభై రెండేళ్లు. తండ్రి కొన్నది. బండి చిన్నదే గానీ ముక్కులో ఉన్న ఇనప ఇంజన్ ఏనుగంత బరువు. ముకత్తం కొండ సగం ఎక్కేసరికి రొప్పి వెనక్కి జారేది. కిందటిసారి జారినప్పుడు లోపల ఆయన భార్య ఇన్షిరా ఉంది. కొండ మీద ఆమె పుట్టిల్లు.

"రేపు శుక్రవారం మా అమ్మ గుమ్మం దాకా ఇది ఎక్కిందా, సరే. ఎక్కలేదా, ఆదివారం తుక్కువాడొస్తాడు. మాటిచ్చేశాను," అని ఆ పొద్దున్న మళ్లీ గుర్తుచేసింది ఇన్షిరా.

ఆ కారంటే మాస్టారికి ప్రాణం. తండ్రి చెయ్యి పడి అరిగిన గేరు రాడ్డుని ఇప్పటికీ రోజూ గుడ్డతో తుడుచుకుంటారు. అందుకే మెకానిక్ బయ్యూమితో నెల్లాళ్లు కూర్చుని ఆలోచించి, పాత సామాన్ల బజారులో జపాన్ నుంచి దిగిన మూడు సిలిండర్ల అల్యూమినియం ఇంజన్ ఒకటి, గేర్‌బాక్సుతో సహా కొన్నారు. మోస్తే బక్కపల్చటి మనిషంత బరువు. పాతది పీకేయడం కూడా అయిపోయింది. కారు బయ్యూమి షెడ్డులో ఖాళీ ముక్కు పైకెత్తుకుని ఎదురుచూస్తోంది.

చిక్కల్లా ఒకటే. ఇంజన్ ఉన్నది ఖబరస్తాన్‌కి ఇవతల, షెడ్డు అవతల, దారి దాని మధ్యనుంచే. పైగా ఆ పొద్దున్నే ఎడారి దుమ్ముగాలి లేచింది. ఆకాశం పసుప్పచ్చగా మారిపోయి, పదడుగుల అవతల మనిషి ఆనడం లేదు. గాడిదబండివాడు రానంటే రానన్నాడు.

"నలుగురం మోసుకుపోదాం మాస్టారూ," అన్నాడు బయ్యూమి. "మసీదులో శవాల్ని మోసే జనాజా పెట్టె ఒకటి ఖాళీగా పడుంది. మూతుంది, దుమ్ము పడదు. ఖబరస్తాన్ కాపలా మా బావ తొల్బాదే. చెప్పకపోయినా ఏమనుకోడు."

"తప్పేమో బయ్యూమీ."

"తప్పెక్కడిదండీ. చెక్కే కదా."

ఇంజన్‌ని తెల్ల దుప్పట్లో చుట్టి పెట్టెలో పెట్టారు. సందుల్లోంచి దుమ్ము పోకుండా పైన ఆకుపచ్చ గుడ్డ కప్పారు. మాస్టారు, బయ్యూమి, ఇద్దరు కూలీలు కలిసి భుజాలకెత్తుకున్నారు.

వందడుగులు వేశారో లేదో, కాఫీ కొట్టు ముందు కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎదురొచ్చిన జనాజాకి నాలుగడుగులైనా భుజం పట్టకుండా అక్కడెవరూ ఊరుకోరు. ఒకడొచ్చి, పెద్దవారు మీరు తప్పుకోండి అని మాస్టారి భుజం ఖాళీ చేశాడు. ఇంకొకడు బయ్యూమిని తప్పించాడు. దుమ్ముకి మొహాలు గుడ్డల్లో దాచుకున్న మనుషులు ఎక్కణ్ణించో ఒక్కొక్కరే వచ్చి పెట్టె కిందికి చేరుతున్నారు. చూస్తుండగానే మాస్టారు వెనకబడిపోయారు.

"బాబూ, అది ఇంజనయ్యా," అన్నారు ఆయన.

"ఊరుకోండి పెద్దాయనా," అన్నాడు పక్కనున్న గడ్డపాయన జాలిగా. "మా అన్న పోయినప్పుడు నేనూ ఇలాగే ఏవేవో మాట్లాడాను."

అప్పుడు పెట్టెలోంచి టక్కుమని చప్పుడైంది. బయ్యూమి లోపల మరిచిపోయిన పానా అది. మాస్టారికి తెలుసు. తెలిసినా పెట్టెకి రెండడుగులు దూరంగా జరిగారు. నాలుగడుగులకోసారి, లోపలెవరో తలుపు తడుతున్నట్టు అదే చప్పుడు. మోస్తున్నవాళ్లు అడుగులు తొందర చేశారు. చెక్క సందులోంచి నల్లటి చుక్క ఒకటి ఒకడి మెడ మీద పడింది. వాడు వేలితో తుడిచి, వాసన చూసి, కళ్లకద్దుకున్నాడు.

మలుపు దగ్గర పెట్టె ఎడమకి లాగింది. గేర్‌బాక్సు వైపు బరువెక్కువ, అంతకన్నా ఏం లేదు.

"తనే లాగుతున్నాడ్రా," అని ఎవరో గొణిగారు. "మసీదుకి పోదామంటున్నాడు. ఎవరో మహానుభావుడు."

ఆ ఒక్క మాటతో యాభైమంది రెండొందలయ్యారు. మసీదులో మధ్యాహ్నం నమాజు వేళ. అప్పటికే అక్కడ ఇంకో పెట్టె ఉంది, దాని మీదా అదే ఆకుపచ్చ గుడ్డ. రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్రార్థన చేశారు. ఈ పాపం తన మెడకే చుట్టుకుంటుందని మాస్టారు చివరి వరసలో నిలబడి దేవుణ్ణి క్షమాపణ వేడుకున్నారు. ప్రార్థన అవగానే జనం మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి చప్పుడు లేదు. పానా ఎక్కడో ఇరుక్కుందిలే, బతికించింది అనుకున్నారాయన.

ఖబరస్తాన్ గేటు దగ్గర తొల్బా చెయ్యి అడ్డం పెట్టాడు.

"చావు కాగితమేది?"

బయ్యూమి దుమ్ములో ఎక్కడ తప్పిపోయాడో జాడ లేదు. అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన జేబులో ఉన్నది ఇంజన్‌తో వచ్చిన రేవు కాగితం ఒక్కటే. తొల్బా కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. "పుట్టింది జపాన్. మూడు సిలిండర్లు. కొద్దిగా వాడినది." కాగితం దించాడు. "ఎవరండీ ఈయన?"

"ఇంజనయ్యా. ఇందాకట్నుంచీ అదే మొత్తుకుంటున్నాను. కావాలంటే మూత తీసి చూసుకో."

తొల్బా మూత తీశాడు. కర్పూరం వాసన గుప్పుమంది. లోపల, తెల్లబట్టలో చుట్టిన పొడుగాటి మనిషి.

మాస్టారు గేటు ఊచ పట్టుకున్నారు. "నేను పెట్టింది ఇంజన్," అన్నారు. ఇప్పుడా మాట ఆయనకే నమ్మబుద్ధి కాలేదు.

అంతలో దుమ్ములోంచి ఓ లావుపాటాయన రొప్పుకుంటూ వచ్చాడు. "మా నాన్న మీ దగ్గరున్నాడా అండీ? మా దగ్గర ఇంజనుంది."

"మసీదులో మారిపోయినట్టున్నాయి బాబూ. క్షమించండి," అన్నారు మాస్టారు.

"లోపల్నించి తడుతుంటే నాన్న బతికాడనుకుని అన్నదమ్ములం సంతోషంతో ఏడ్చేశాం. మా అమ్మ మాత్రం మూత తియ్యొద్దంది."

పెట్టెలు మార్చుకున్నారు. పెద్దాయన్ని పద్ధతిగా సమాధి చేశారు. మాస్టారు మూడు పిడికిళ్ల మన్ను వేసి మనసులోనే తప్పు ఒప్పుకున్నారు. సాయంత్రానికి ఇంజన్ బిగిసింది. తాళం తిప్పితే చప్పుడే లేదు, నడుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వచ్చింది.

కథంతా విన్న ఇన్షిరా మర్నాడు కారెక్కనని బస్సుకి పోయింది. మాస్టారు ఒక్కరే బయల్దేరారు. సగం కొండ దగ్గర గేరు రాడ్డు గట్టిగా పట్టుకున్నారు. కారు ఆగలేదు, జారలేదు, ఎవరో వెనకనుంచి నెడుతున్నట్టు మెత్తగా ఎక్కేసింది. ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలా ఏళ్ల తర్వాత అంత సంతోషం కలిగింది.

అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. ఇన్షిరా బస్సు ఇంకా రాలేదు. గురువారం సంగతులేవీ ఆవిడ చెవిన పడలేదు.

"ఎక్కిందే నీ బండి," అన్నారావిడ. "రా నాయనా. ఆయన్ని కూడా లోపలికి రమ్మను, టీ తాగుదురు గాని."

"ఎవర్నండీ?"

"నీ పక్కన కూర్చున్నాయన్ని. అంత పొడుగు మనిషిని, పాపం, ఎండలో అలా కూర్చోబెడితే ఎలాగ?"

మాస్టారు పక్కకి తిరిగి చూడలేదు.

ఆదివారం తుక్కువాడి కేక సందు మొదట్లో వినిపించిందో లేదో, తాళాలు పట్టుకుని మాస్టారే ఎదురెళ్లారు.