టీసీ కోసం పెళ్లి

ఆ ఉదయం ఆదెమ్మ అనుకున్నది చిన్న పనే. తొమ్మిదింటి బస్సుకు మనవరాలు వాసంతిని తీసుకుని దాచేపల్లి నుంచి మాచర్ల వెళ్లాలి, గురుకులంలో ఎనిమిదో తరగతిలో చేర్పించాలి, చీకటి పడకముందే తిరిగొచ్చి గేదెకు మేత వేయాలి. గురుకులంలో సీటంటే మాటలా! చదువు, తిండి, బట్టలు అన్నీ సర్కారువే. రెండో జాబితాలో పిల్ల పేరు వచ్చింది. ఆ సాయంత్రం నాలుగింటిలోపు ఒరిజినల్ టీసీతో వెళ్లకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

వాసంతి పెట్టె అంతా తిరగేసింది. "నాయనమ్మా, టీసీ ఏదీ?"

అప్పుడు గుర్తొచ్చింది ఆదెమ్మకు. మే నెల ఎండలో ప్రైవేటు బడి టీచరమ్మలు ఇద్దరు, పిల్లల్ని చేర్పించమని ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చారు. వాళ్ల మొహాలు చూసి జాలేసి మజ్జిగిచ్చింది. ఒకసారి టీసీ చూపించమంటే అదీ ఇచ్చింది. వాళ్లు చూశారు, ఫైల్లో పెట్టుకున్నారు, వెళ్లిపోయారు.

"ఇచ్చేశావా! వాళ్ల చేతికి పోతే మళ్లీ ఇవ్వరంట!"

"నేనడిగితే ఇవ్వక ఏం జేత్తారే! పద."

ఆ బడి ప్రిన్సిపాల్ అమర్నాథ్ కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టాడు. అంత మర్యాద చూశాక, పిల్లను గవర్నమెంటు బడికి పంపుతున్నామని చెప్పడానికి ఆదెమ్మకు నోరు రాలేదు.

"మా అబ్బాయికి విజయపురి సౌత్ బదిలీ అయింది బాబూ. టీసీ ఇస్తే పోతాం."

"అక్కడా మన బ్రాంచి ఉందమ్మా! ఇప్పుడే ఫోన్ చేస్తా."

"అట్టనా? అసలు సంగతేందంటే, దీనికి చదువు ఒంటబట్టదు. చానా మొద్దు."

వాసంతి గుడ్లురిమింది.

"అలాంటి వాళ్లకే మా స్పెషల్ బ్యాచ్! పొద్దున ఐదింటికే స్టడీ అవర్."

గోడ గడియారం పదకొండు దాటింది. ఆదెమ్మ నోటికొచ్చింది అనేసింది. "ఎందుకు బాబూ మీకంత శ్రమ! శ్రావణంలో దీనికి పెళ్లి జేస్తన్నాం."

అమర్నాథ్ లేచి నిలబడ్డాడు. "పదమూడేళ్ల పిల్లకి పెళ్లా!"

"ఉత్తదే బాబూ, ఊరికే అన్నా!"

"దొరికిపోయాక అందరూ అదే అంటారు" అంటూ అతను ఫోన్ తీశాడు.

పది నిమిషాల్లో సచివాలయం మహిళా పోలీసు దీపిక స్కూటీ దిగింది. ఆమె వెనకే, ఎవరి పెళ్లో చూద్దామని సగం వీధి వచ్చింది.

"పెళ్లికొడుకు ఎవరు పెద్దమ్మా?"

"లేడు తల్లీ!"

"అప్పుడే పరారయ్యాడా?"

"గురజాల సంబంధమంట" అన్నారు జనంలో ఎవరో. "లగ్నాలు గూడా పెట్టుకున్నారంట" అంది ఇంకొకామె. దీపిక రెండూ రాసుకుంది. కేసంటూ అయితే సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్న కొడుకును స్టేషనుకు పిలుస్తారు, సీటెటూ పోతుంది.

ఇక వాసంతే నోరు విప్పింది. "మేడమ్, నాకు పెళ్లీ లేదు, పాడూ లేదు. గురుకులంలో సీటొచ్చింది. ఇదిగో కాయితం. నాలుగింటికి చేరాల. టీసీ ఈ సార్ దగ్గరుంది. అడగటానికి మొహమాటపడి మా నాయనమ్మ ఇన్ని అబద్ధాలాడింది."

దీపిక కాయితం చదివి ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "మీ బడిలో చేరని పిల్ల ఒరిజినల్ టీసీ మీ దగ్గరెందుకుంది సార్?"

అమర్నాథ్ గుమ్మం వైపు చూశాడు. అక్కడ నిలబడ్డ ఆడవాళ్లలో చాలామంది ఆ బడిలో ఫీజులు కట్టేవాళ్లే. అతను బీరువా తెరిచి టీసీ తీసిచ్చాడు. దీపిక దగ్గరుండి ఇద్దరినీ మాచర్ల బస్సెక్కించింది.

మూడుంబావుకు గురుకులం రిజిస్టరులో వాసంతి పేరు ఎక్కింది. ఆదెమ్మ మెట్టు మీద చతికిలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"నేను మొద్దునా నాయనమ్మా?"

"సీటొచ్చిందిగా, ఇంక నోర్ముయ్యవే నా తల్లీ!" అంటూ మనవరాలి బుగ్గలు పుణికింది.

అమర్నాథ్ చేసిన ఆ ఫోన్ మాత్రం పై ఆఫీసు లెక్కల్లో 'ఆగిన పెళ్లి'గా ఎక్కింది. పంద్రాగస్టు నాడు మండలాఫీసు దగ్గర, బాల్య వివాహాన్ని సకాలంలో ఆపినందుకు అమర్నాథ్‌కు శాలువా కప్పారు. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆదెమ్మే.