వెర్నన్ కారు, హొరేస్ కేబుల్

ఇంజిన్ స్టార్ట్ కావాలని దేవుణ్ణి అడగవచ్చా అన్నది ఎన్నో ఏళ్లుగా నాకున్న సందేహం. జబ్బుపడ్డవాళ్ల కోసం అడుగుతాం, వాన కోసం అడుగుతాం. స్పార్క్ కోసం అడిగితే ఆయన నొచ్చుకుంటాడా? ఇంగ్లండులో, లింకన్‌షైర్‌లోని మా చిన్న చర్చిలో, అంటే చాపెల్‌లో, ఆ సంగతి తెలియవలసినవాడు వెర్నన్ ట్రికెట్. అతను తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాడు.

విడిభాగాలను పెట్టెల్లో తెప్పించి ఇంట్లోనే బిగించుకునే కారు అతనిది. ఆ శనివారం పొద్దున టీ తాగుతూ భార్య మురియెల్ గడువు పెట్టింది. సాయంత్రం డర్బీ నుంచి ఒకాయన కారు కొనడానికి వస్తున్నాడు. గడియారం నాలుగు కొట్టేసరికి ఇంజిన్ నడుస్తూ ఉంటే కారు ఇంట్లో ఉంటుంది, లేకపోతే ఆయనతో పోతుంది.

"ఒక్క వైరే మిగిలింది. పదింటికల్లా అయిపోతుంది," అన్నాడు వెర్నన్.

"ఏ సంవత్సరం పదింటికి?" అంది మురియెల్.

వెర్నన్ ముప్పై ఏళ్లు బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. బస్సుల్లో ఎర్త్ వైరును దగ్గర్లో ఉన్న రేకుకు బిగిస్తే చాలు, కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి చేరుతుంది. ఇక్కడ బ్యాటరీని కింది ఇనుప చట్రానికి, అంటే చాసిస్‌కు కలిపినా, ఆ అలవాటుకొద్దీ మిగతా ఎర్త్ వైర్లన్నీ బాడీకే బిగించాడు. ఈ బాడీ ఫైబర్‌గ్లాస్, అందులో కరెంటు పారదు. మట్టికుండకు బిగించినా ఒకటే. ఇంజినేమో రబ్బరు దిమ్మల మీద కూర్చుంది, దానికీ ఎర్త్ లేదు.

పదింటికి తాళం తిప్పాడు. ఇంజిన్ ఉలకలేదు. వేరే దారి లేని కరెంటు దూరి యాక్సిలరేటర్ తీగ మాత్రం పొగలు కక్కింది. ఇండికేటర్ వేస్తే వైపర్ వణికింది. ఇదంతా ఇంజిన్ కంప్యూటర్‌కు చెమ్మ తగలడం వల్లేనని తేల్చి, దాన్ని పీకి, మేడమీద వేడినీళ్ల ట్యాంకు ఉన్న అల్మరాలో బట్టల మధ్య పెట్టాడు. మధ్యాహ్నం మురియెల్ ఆ అల్మరా తెరిచింది.

"నా ఉన్ని బనియన్‌లో ఏమిటిది?"

"కారు మెదడు. ఆరుతోంది."

"నీది కూడా పక్కన పెట్టాల్సింది."

మూడున్నరకు దాన్ని తిరిగి బిగించాడు. సబ్బు వాసన తప్ప ఏ మార్పూ లేదు. కోపంతో హారన్ బటన్‌ను ఇరవైసార్లు నొక్కితే అది లోపలే ఇరుక్కుపోయింది. విసుగొచ్చి, బాడీకున్న ఒక నల్ల ఎర్త్ వైరు ఊడదీసి కింద ఇనుప చాసిస్‌కు ఆనించాడు. వీధి అదిరేలా హారన్ మోగింది. వెర్నన్ హడలిపోయి వైరు లాగేశాడు. పొద్దుటినుంచి వెతుకుతున్న జవాబును అలా చేజేతులా వదిలేశాడు.

ఆ మోతకు పక్కింటి హొరేస్ వచ్చాడు. మా చాపెల్‌లో ఆర్గన్ వాయించేది అతనే. తొమ్మిదేళ్ల కిందట, మంచు పడిన ఒక ఉదయం, వెర్నన్ అతని జంపర్ కేబుల్, అంటే ఒక బండి బ్యాటరీ నుంచి ఇంకో బండికి కరెంటు ఇచ్చే తీగ, అడిగి తెచ్చుకున్నాడు. మొదటి ఏడాది తిరిగి ఇవ్వడం మరిచిపోయాడు, ఆ తర్వాత ఇవ్వడానికి సిగ్గుపడ్డాడు. ప్రభువు ప్రార్థనలో ‘మా ఋణములు క్షమించుము’ అని ఋణాల మాట వచ్చినప్పుడల్లా హొరేస్ ఒకసారి దగ్గుతాడు.

తిట్టడానికి వచ్చిన హొరేస్ కళ్లు గ్యారేజీ గోడ మేకుకు వేలాడుతున్న తీగచుట్ట మీద ఆగాయి.

"అది నా కేబుల్."

"అలాంటివి అందరి దగ్గరా ఉంటాయి," అన్నాడు వెర్నన్, నేల చూస్తూ.

"నా క్లిప్పుకు ఒక పన్ను విరిగింది. అయినా పట్టు వదలదు, చూడు." హొరేస్ ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోదాన్ని ఇంజిన్‌కు కరిపించి, లాగి చూపించాడు.

"సరే, తీసుకెళ్లు. ఈ కారు ఎటూ కదలదు," అంటూ వెర్నన్ నిరాశగా తాళం తిప్పాడు.

ఇంజిన్ గర్జించింది.

నాలుగుకు ఐదు నిమిషాలుంది. డర్బీ ఆయన అప్పుడే గేటు తీస్తున్నాడు. హొరేస్‌కు ఇంజిన్ సంగతి పట్టలేదు, తన కేబుల్ కోసం చెయ్యి చాచాడు. ఇంజిన్‌కు ఎర్త్ అందుతున్నది ఆ కేబుల్ ద్వారానేనని, అది తీస్తే అంతా ఆగిపోతుందని వెర్నన్‌కు అర్థమైంది. ఈలోగా మురియెల్ హ్యాండ్‌బ్యాగుతో సహా వచ్చి కారులో కూర్చుంది.

"హొరేస్, నాలుగు కొట్టేదాకా దాన్ని ముట్టుకున్నారంటే రేపటి చాపెల్ టీ విందులో నా తీపి రూబార్బ్ పై ముక్క మీకు ఉండదు."

హొరేస్ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. గడియారం నాలుగు కొట్టింది. డర్బీ ఆయన ధర పెంచబోయాడు.

"అమ్మడం లేదండీ. ఇది మా కారు," అంది మురియెల్. తొమ్మిదేళ్లలో ఆమె దాన్ని "మా" అనడం అదే మొదలు.

ఆ సాయంత్రమే వెర్నన్ ఇంజిన్ నుంచి చాసిస్‌కు లావుపాటి వైరు వేసి, కేబుల్ తుడిచి, చుట్టచుట్టి హొరేస్ చేతికిచ్చి వచ్చాడు. దేవుడు స్పార్క్ పంపాడో, బాకీ అడిగేవాణ్ణి పంపాడో నాకు ఇంకా తేలలేదు.

మర్నాడు ప్రార్థనలో ఋణాల మాట వచ్చింది. హొరేస్ దగ్గలేదు.